దాయాది చెట్లు

హిమాలయముల దేవదారును, లెబనాను పర్వతముల సీడరును ప్రక్కప్రక్కన నిలిపినచో ఇవి దాయాదులని ఎవరైనను చెప్పగలరు. రెండింటి కాయలును కొమ్మలమీద నిటారుగా నిలిచి, ముదిరిన పిమ్మట చెట్టుపైననే పొలుసులు పొలుసులుగా విడిపోవును. అయితే దేవదారు సూదియాకు కొంత పొడవు; దాని కొనకొమ్మ తలవంచి యుండును. లెబనాను చెట్టు వయసు మీరినకొలది కొమ్మలను అరలు పేర్చినట్లు అడ్డముగా చాచును.

మన సామర్లకోటలో కొంతకాలము పనిచేసిన రాక్స్‌బర్గు దొర దేవదారును పైను చెట్ల పద్దులో వేసెను. 1830లో జార్జి డాను దానిని సీడర్ల పద్దునకు మార్చెను. 1862లో హుకరు పండితుడు ఈ సీడర్లన్నియు వేరువేరు జాతులా, ఒకే జాతి రూపభేదములా యని చర్చించెను. నేటివారు దేవదారును వేరు జాతిగానే ఎంచుచున్నారు.

ఇంతకును వీనిలో అసలేది, కొసరేది? సీడరనగానే సొలొమోను మందిరము, లెబనాను పతాకము తలపునకు వచ్చును గనుక అదియే మూలమనిపించును. కాని ఒకటి మరియొకదానికి పుట్టలేదు. రెండును ఎన్నడో గతించిన యొక పూర్వవృక్షము సంతానమే. రిజిస్టరులో ముందెక్కిన పేరునకు ఒకటవ నంబరు వచ్చును గాని పెద్దరికము రాదు. పేరును నమ్ముదమన్న, రాయలసీమ కొండలలో దేవదారి యను చిన్న చెట్టు కలదు. దానికిని హిమాలయపు చెట్టునకును ఏ చుట్టరికమును లేదు!

హోసూరు ప్రాంతపు మనకిది వట్టి చెట్ల ముచ్చట కాదు. కొన్నేండ్ల క్రిందట కోస్తాలో నొక పెండ్లిపందిట మా మనుమరాలి మాట విని యొక పెద్దాయన, "ఇది అరవం కలిసిన తెలుగమ్మా, అసలు తెలుగు నేర్చుకో" అనెను. పిల్ల ఆ పూట మరల నోరు విప్పలేదు. మాకు పట్టరాని కోపము వచ్చినది.

అచ్చు పుస్తకమునకు, బడికి ఒక తీరు కావలసినదే. అందులకు మేము వ్యతిరేకులము కాము. ఆ తీరును త్రాసుగా పట్టి మనుష్యులను తూచుట న్యాయమా యనునదే మా సందేహము. అడుగుటకు మాకు హక్కు కలదా యనునది ఇంకొక సందేహము. ఏలయన, తిరిగివచ్చిన నెలలోనే మా వీధిలో ఇల్లు కట్టుటకు వచ్చిన పాలమూరు కూలీల మాట విని, "ఇదేమి తెలుగు!" అని నవ్వినది మేమే. మనుమరాలు మావంక చూచినది, ఏమియు అనలేదు.

మరునాడు తానే వారి యొద్దకు పోయి చాలసేపు మాటలాడి వచ్చినది. వారి మాటలలో నాలుగైదు మా అవ్వ మాటలేనట.