నుయ్యి చేదెక్కితే రుజువు ఎవరు చూపాలి?

బొగ్గు గని పక్క ఊరిలో నూతి నీళ్లు చేదెక్కాయనుకుందాం. పరీక్ష చేయిస్తే లీటరుకు 500 మిల్లీగ్రాముల సల్ఫేట్ ఉందని తేలింది. మన దేశపు ప్రమాణం 200. వేరే నీటి దారి లేకపోతే 400 దాకా ఒప్పుకుంటారు. మరిగిస్తే సల్ఫేట్ పోదు, నీరు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. ఊరివాళ్లు గని దగ్గరికి వెళ్తే, "ఇది మా గని నుంచే వచ్చిందని రుజువేది? మీ పొలాల్లో ఎరువులు చల్లరా?" అన్నారు. ఆ మాట న్యాయమేనా?

మా కె.కోటపాడు చుట్టుపక్కల బొగ్గు గనులు లేవు. అయినా ఈ ప్రశ్న మాకు దూరమైనది కాదు. పరవాడ దగ్గరి సింహాద్రి విద్యుత్ కేంద్రానికి ఒడిశాలోని తాల్చేరు నుంచి బొగ్గు వస్తుంది. ఆ కరెంటు కలిసే గ్రిడ్ మీదే మా ఇళ్లలో బల్బులు వెలుగుతున్నాయి. తెలంగాణలో ఇల్లెందు దగ్గర 1889లో తవ్వకం మొదలైన సింగరేణి బొగ్గూ, తాల్చేరు బొగ్గూ ఒకే జాతివి, గోండ్వానా బొగ్గు. అది గోండుల దేశం పేరు. మనవాళ్ల పేరు భూగర్భ శాస్త్ర పుస్తకాల్లోకి ఎక్కింది, మనవాళ్ల నూతుల సంగతి ఎక్కలేదు. సింగరేణి ప్రాంతంలో గనిని 'బాయి' అంటారు. మంచినీళ్ల నుయ్యినీ బాయి అనే అంటారు.

బొగ్గులోనూ, దాని చుట్టూ ఉన్న రాతిలోనూ పైరైట్ అనే ఖనిజం ఉంటుంది. ఇనుము, గంధకం కలిసినది. నేల లోపల గాలి తగలనంత కాలం కోట్ల ఏళ్లయినా దానివల్ల కీడు లేదు. తవ్వి పైకి తెచ్చి మట్టి గుట్టలుగా పోస్తే గాలి, వాన తగులుతాయి. కొన్ని సూక్ష్మజీవులు ఆ పని వేగం చేస్తాయి. గంధకం ఆమ్లమవుతుంది, సల్ఫేట్ నీటిలో కలిసి దిగువకు పోతుంది. గోండ్వానా బొగ్గులో గంధకం మామూలుగా ఒక శాతం లోపే, అందుకని ఈ నీరు చాలాచోట్ల అంత పుల్లగా ఉండదు. దారిలో సున్నపు రాయి తగిలితే ఆమ్లం విరిగిపోతుంది గాని సల్ఫేట్ చాలావరకు నీటిలోనే ఉండిపోతుంది. నీరు తేటగా కనబడినంత మాత్రాన మంచిదని కాదు.

అయితే సల్ఫేట్ గని నుంచే రానక్కరలేదు. మా చెరకు పొలాల్లో వేసే అమ్మోనియం సల్ఫేట్‌లో ఉంది. సూపర్ ఫాస్ఫేట్‌లో జిప్సం రూపంలో ఉంది. మురుగులో ఉంది, కొన్నిచోట్ల నేలలోనే ఉంది. బడిలో బేరియం క్లోరైడ్ వేస్తే తెల్లటి అవక్షేపం వస్తుందని మాస్టార్లకు తెలుసు. అది సల్ఫేట్ ఉందని చెబుతుంది, ఎక్కడిదో చెప్పదు. ఎక్కడిదో తెలియాలంటే అణువుల బరువు చూడాలి. గంధకపు పరమాణువుల్లో ఎక్కువ భాగం 32 బరువువి, నూటికి నాలుగు 34 బరువువి. పాత సముద్రాల జిప్సంలో బరువైనవి కొంచెం ఎక్కువ, పైరైట్‌లో తరచుగా తక్కువ. సల్ఫేట్‌లోని ఆక్సిజన్‌నూ అలాగే తూచి, రెండూ కలిపి చూస్తారు. కాని ఎరువుల కొలతలు పైరైట్ కొలతలతో కలిసిపోవచ్చు, నేలలోని సూక్ష్మజీవులు ఆ లెక్కను మార్చేయవచ్చు. కాబట్టి వచ్చే జవాబు 'ఇంత నుంచి ఇంత దాకా గనిది' అన్నట్టుంటుంది.

గని వాళ్లు పట్టుకునేది ఈ సందునే. మేఘాలయ జైంతియా కొండల్లో లుఖా నది చలికాలంలో నీలంగా మారితే, కొందరు బొగ్గు గనులన్నారు, కొందరు సిమెంటు కర్మాగారాలన్నారు. వాదన సాగుతుండగానే చేపలు చచ్చాయి. 2014లో హరిత ట్రిబ్యునల్ ఎలుక బొరియల తవ్వకాన్ని నిషేధించింది. అక్కడి గనుల యజమానుల్లో చాలామంది గిరిజనులే. మనవాడు తవ్వితే పైరైట్ ఊరుకోదు కదా.

మా ఆలోచన ఇది. 'ఎక్కడి నుంచి' అన్నది శాస్త్రం తేల్చే ప్రశ్న, దానికి కాలం పడుతుంది. 'ఎవరు జవాబు చెప్పాలి' అన్నది అంతదాకా ఆగక్కరలేదు. పైరైట్ తనంతట తాను పైకి రాలేదు. నేల తెరిచినవాడికి ఆ రాతి సంగతి ముందే తెలుసు, బోర్లు వేసి చూసిన లెక్కలు అతని దగ్గరే ఉన్నాయి. నీళ్లు మోసే అమ్మ దగ్గర బిందె తప్ప ఏముంది? తమిళనాడు తోళ్ల శుద్ధి కర్మాగారాల కేసులో, 1996లో, సుప్రీంకోర్టు కూడా తన పనివల్ల హాని లేదని చూపే బరువు ఆ పని చేసేవాడిదే అంది. వెతుకులాట నడుస్తుండగానే ఊరికి మంచినీళ్లు ఇవ్వాలి. తరవాత తేలిన వాటాతో ఖర్చు పంచుకోవచ్చు.

అలాగని వెతకడం మానకూడదు. నిజంగా ఎరువే కారణమైతే గనిని తిట్టుకుంటూ అదే నీరు తాగుతాం. గని రాకముందు నుయ్యి ఎలా ఉండేదో ఎవరూ రాసిపెట్టకపోవడమే చాలా ఊళ్లలో అసలు చిక్కు. తవ్వకం మాట వినబడుతున్న ఊరిలో బడి పెద్ద పిల్లలు ఈ వేసవి నుంచే మొదలుపెట్టవచ్చు: నుయ్యి పేరు, తేదీ, నీటి మట్టం, రుచి, వాన పడ్డదీ లేనిదీ, ఆ వారం పొలాల్లో వేసిన ఎరువు. ఏడాదికి రెండుసార్లు, వానకు ముందూ వెనకా, ఒక సీసా ప్రయోగశాలకు పంపి ఆ కాగితాన్ని అదే పుస్తకంలో అంటించాలి.