యోగాభ్యాసమున ముందడుగు ఏది?

ఏ విద్య నభ్యసించువారికైనను కొంతకాలము గడచిన పిమ్మట “మేమెంత దూరము వచ్చితిమి?” అను ప్రశ్న పుట్టుట సహజము. సంగీతము నేర్చు బాలిక సరళీస్వరములు ముగించి గీతములకును, గీతములనుండి వర్ణములకును పోవును. ఆమె పురోగమనము ఇరుగుపొరుగువారికి సైతము వినబడుచునే యుండును. యోగాభ్యాసమునం దట్టి కొలత కలదా? 2015వ సంవత్సరమునుండి జూన్ 21వ తేదీ అంతర్జాతీయ యోగదినముగా జరుగుచున్నది. 2025లో ఆనాడు విశాఖపట్టణపు సముద్రతీరమున లక్షలాది జనులు కూడి యొక్కమారుగ ఆసనములు వేసిరి. మరునాటినుండియు విడువక సాగించువారు దేనిని చూచుకొని తాము ముందునకు పోవుచున్నామని యెంచుకొనవలయును? మేమిచట విచారింపదలచినది ఇదియే.

సాధారణముగ వినవచ్చు సమాధానము ఒక్కటే: మునుపటికంటె కఠినమైన ఆసనము. నిరుడు వజ్రాసనము, ఈయేడు పద్మాసనము, రాబోవు ఏట శీర్షాసనము. ఈ లెక్క ఋషులనాటిదని పలువురి నమ్మకము గాని, చాలవరకిది ఇరువదవ శతాబ్దమున ఏర్పడినది. పతంజలి సూత్రములు 195 లేక 196. వానిలో ఆసనమును గూర్చి నేరుగ చెప్పినవి మూడే. ఆ మూటియందును ఒక్క ఆసనము పేరైనను కానరాదు. కదలక, కష్టము లేక కూర్చుండగలుగుటయే ఆయన కోరినది. పదునైదవ శతాబ్దమునాటిదని పండితులెంచు హఠయోగప్రదీపిక వర్ణించిన ఆసనములు 15 మాత్రమే. 1930వ దశకమున మైసూరు మహారాజుగారి ఆశ్రయమున తిరుమలై కృష్ణమాచార్యులుగారు యోగశాల నడపిరి. నేడు మనకు పరిచితములైన కొలబద్దలు ఆయన శిష్యులు కల్పించినవే. పట్టాభి జోయిస్‌గారు ఆసనములను శ్రేణులుగా పేర్చి, ఒకటి కుదిరినగాని తరువాతిదానిని నేర్పెడివారు కారు. బి.కె.యస్. అయ్యంగారుగారు 1966లో వెలువడిన తమ “లైట్ ఆన్ యోగ” గ్రంథమున ఒక్కొక్క ఆసనమునకు కాఠిన్యమును బట్టి 1 మొదలు 60 వరకు సంఖ్యలు వేసి, 300 వారముల పాఠక్రమమును కూర్చిరి.

ఈ శ్రేణులను, సంఖ్యలను మేము నిందింపము. క్రమము తెలియని సాధన అపాయకరము. కాని ఆ అయ్యంగారుగారే, నేలపై వెల్లకిల పరుండు శవాసనమును మిక్కిలి కష్టసాధ్యములైన వానిలో చేర్చిరి. దేహమును నిశ్చలముగ నుంచుటకంటె మనస్సును నిశ్చలముగ నుంచుట కష్టమని ఆయన చెప్పిన కారణము. సంఖ్యలు వేసినవారే ఇట్లు చెప్పుచుండగా, సంఖ్యలను మాత్రము పట్టుకొని పోవుట మన దోషము గాని వారిది కాదు.

ఆ దోషమునకు మొదట బలియగునది మోకాలు. పద్మాసనమున పాదము తొడమీదికి రావలెనన్న తిరుగవలసినది తుంటి కీలు. మోకాలు ముడుచుటకును చాచుటకును ఏర్పడినదే గాని మెలిత్రిప్పుటకు తగినది కాదు. ఏండ్లతరబడి కుర్చీలలో కూర్చున్నవారికి తుంటి బిగిసియుండును. అట్టివాడు తొందరపడి పాదమును చేతితో పైకి లాగినచో, తుంటి తిరుగనొల్లని మెలిక మోకాలిపై పడి లోపలి మృదులాస్థి చిరుగవచ్చును. శీర్షాసనమున కంటిలోపలి ఒత్తిడి సుమారు రెండింతలగును. నీటికాసుల వ్యాధి కలవారికది దృష్టికే ముప్పు. ఇవి తెలిసియు “పక్కవాడు వేయుచున్నాడు” అని తలక్రిందుగ నిలుచువానిని సాధకుడనుటకంటె పందెగాడనుట మేలు. శ్వాసయే యిందుకు నమ్మదగిన సాక్షి. ఊపిరి తడబడిన చోట ఆసనము మించినదని తెలిసికొని వెనుకకు రావలెను. ఇట్లు వెనుకకు వచ్చుట ఓటమి కాదు, అహింస. పతంజలి చెప్పిన యమములలో మొదటిదదియే.

ఈ యమనియమములను మనవారు బాలశిక్షవలె చూచుచున్నారు. అవి మొదటి రెండు మెట్లట, ఎక్కి దాటినవట! పతంజలి వానిని మెట్లనలేదు, అంగములన్నాడు. పిల్లవాడు పెరుగునప్పుడు కాలు ముగిసిన పిమ్మట చేయి పెరుగుట లేదు గదా. అందుచేత ముందడుగు వేసినవారిని పరీక్షింపవలసిన చోటు మొదటి పాఠమేయని మా అభిప్రాయము.

ఒక గృహమును ఊహింతము. యజమాని ఉదయము అయిదు గంటలకు లేచి ఆరున్నరవరకు సాధన చేయును. ఆయన భార్య నాలుగున్నరకే లేచి, నీళ్లు కాచి, పాలు పొంగించి, “నాన్నగారు ధ్యానములో నున్నారు, సద్దు చేయకుడి” అని పిల్లల నోళ్లు మూయించి, వారికి అన్నము పెట్టి బడికి సిద్ధపరచును. పెండ్లికి ముందు ఆమెయు ఆసనములు వేసెడిదే. నేడు తీరిక లేదు. మూడేండ్లలో ఆయనకు మయూరాసనము వచ్చినది. ఆ తొంబది నిమిషములు ఎవరివి? పరుల సొమ్ము తీసికొనకుండుట అస్తేయమని మనము పిల్లలకు చెప్పుదుము. పరుల నిద్రను, పరుల తీరికను అడుగకయే తీసికొనుట ఆ మాటలో చేరదా? ఆయన ముందునకు పోయినాడా లేదా యని అద్దము నడిగిన లాభము లేదు.

స్త్రీలకీ విద్య పనికిరాదనువారు మనలో నింకను కొందరున్నారు. వారికొక్కమాట: రీగా నగరమున జన్మించిన ఇంద్రాదేవిగారిని కృష్ణమాచార్యులుగారు మొదట నిరాకరించియు, పిదప మైసూరు మహారాజుగారి మాటపై శిష్యురాలిగా చేర్చుకొనిరి. ఆమె ఆ విద్యను అమెరికాకు కొనిపోయి పలువురకు నేర్పినది.

“సంసారులము, ఆరోగ్యము కొరకు చేయుదుము, యమములు సన్న్యాసులకు గదా” యని కొందరనవచ్చును. ఆరోగ్యమే కోరువారితో మాకు పేచీ లేదు. అది చాల మంచి కోరిక. కాని వారు “పై తరగతికి వచ్చితిమి” అని చెప్పుకొనుట మానవలెను. యమములు జాతిచేగాని, దేశముచేగాని, కాలముచేగాని, సందర్భముచేగాని పరిమితములు కావని పతంజలి స్పష్టముగ చెప్పియుండగా, సంసారికి ప్రత్యేకమైన మినహాయింపు ఎచ్చటినుండి వచ్చును?

అట్లని కఠినాసనములను విడువుమనుట లేదు. ఇరువదియేండ్ల యువకుని దేహము శ్రమ కోరును, కోరినంత ఇయ్యవలసినదే. అరువదియేండ్ల వృద్ధురాలు కుర్చీని ఆనుకొని అదే ఆసనమును వేయవచ్చును. ఆమె ప్రారంభదశలోనే యున్నదని ఎవరనగలరు? పతంజలి సాధకులను మృదువు, మధ్యము, తీవ్రము అని వేరుచేసినది వారి పట్టుదలను బట్టియే గాని వారి అవయవముల వంపును బట్టి కాదు.

ఇక మన యజమాని చేయదగిన పని యొకటి కలదు. దినము విడిచి దినము ఆయన పొయ్యి ముట్టించి, పాలు కాచి, పిల్లలను సిద్ధపరచవలెను. ఆ దినములలో చాప ఆమెది. ఇందుచేత ఆయనకు రాబోవు ఆసనము రెండేండ్లు ఆలస్యము కావచ్చును. కానిండు. ఆమెయు మొదటి వారములలో శవాసనమున పరుండినంతనే నిద్రపోవచ్చును. ఎవరును లేపకుడి, ఇన్నేండ్లుగా ఆమెకు రావలసిన నిద్ర యది.