రానివాళ్ళ లెక్క

నా ఉద్యోగంలో సగం పని, మనుషుల చేత ఒక బటన్ నొక్కించడం. రంగు మారిస్తే ఎంతమంది నొక్కారు, రెండోసారి గుర్తుచేస్తే ఎంతమంది నొక్కారు అని లెక్కలేస్తాం. నొక్కనివాళ్ళకి మా భాషలో పేరు ‘డ్రాప్-ఆఫ్’. కాన్సర్ స్క్రీనింగ్ గురించి చదువుతుంటే అక్కడా ఇదే ధోరణి కనిపించింది: ఎంత శాతం వచ్చారు, రానివాళ్ళని ఎలా రప్పించాలి. ఎలాగైనా సరే రప్పించడం న్యాయమేనా అన్నది నన్ను వదలని ప్రశ్న.

తేలిగ్గా ‘కాదు’ అనేయలేం. గర్భాశయ ముఖద్వార కాన్సర్ ఏళ్ళ తరబడి నెమ్మదిగా ముదిరే జబ్బు; కాన్సర్ కాకముందే పట్టుకుని ఆపొచ్చు. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా ముప్ఫైవేల మందికి పైగా ఆడవాళ్ళతో చేసిన అధ్యయనం 2009లో వెలువడింది. ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష చేసినా ఆ కాన్సర్ చావులు దాదాపు సగానికి తగ్గాయి. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30-49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఈ కాన్సర్‌కి ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద నూటికి ఇద్దరు కూడా లేరు. ఇది చూశాక, కాస్త భయపెట్టో మొహమాటపెట్టో లాక్కొస్తే తప్పేముంది అనిపిస్తుంది.

కానీ అన్ని పరీక్షలూ ఇలాంటివి కావు. దక్షిణ కొరియాలో 1999లో ప్రభుత్వం మొదలుపెట్టిన స్క్రీనింగ్‌లో థైరాయిడ్ లేదు. వచ్చినవాళ్ళకి ఆసుపత్రులే ఇంకొంచెం డబ్బు తీసుకుని మెడకి కూడా స్కాన్ చేసేవి. 2011 నాటికి థైరాయిడ్ కాన్సర్ కేసులు 1993తో పోలిస్తే పదిహేను రెట్లయ్యాయి. చావులు మాత్రం తగ్గలేదు. ఎప్పటికీ హాని చేయకపోయే గడ్డల కోసం ఎంతోమంది గ్రంథి తీయించుకుని జీవితాంతం మాత్రలు మింగాల్సొచ్చింది. మా డాష్‌బోర్డు మీదైతే అది ఘనవిజయం!

ఖమ్మం దగ్గర ఉండే మా పిన్నిని పరీక్షకి వెళ్ళమని నేను అడగలేక నా భార్య చేత అడిగించాను. (కొడుకు వరసవాడు నోరు తెరిచి అడగలేని విషయం కావడం కూడా ఆ రెండు శాతానికి ఒక కారణమేమో.) “వద్దులేమ్మా” అంది. కాసేపాగి, “ఏదన్నా ఉందని తేలితే నన్ను హైదరాబాదు చుట్టూ ఎవరు తిప్పుతారు? మిరపకాయలు ఏరే రోజుల్లో మీ మావయ్య చేను వదిలి రాగలడా?” అంది.

‘అవగాహన లేకపోవడం’ అని మనం పోస్టర్ల మీద రాసుకునేది నాకు ఈ మాటల్లో ఎక్కడా కనపడలేదు. పరీక్ష తర్వాత ఏంటి అని అడుగుతోంది ఆవిడ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెట్టిన లక్ష్యాల్లో కూడా, 70 శాతం ఆడవాళ్ళకి పరీక్ష అన్నదాని పక్కనే, జబ్బు తేలినవాళ్ళలో 90 శాతానికి చికిత్స అని ఉంది. మన ప్రచారాల్లో ఆ రెండో అంకె గొంతు ఎందుకో చిన్నదైపోతుంది.

జబ్బు చేసి మనంతట మనం డాక్టరు దగ్గరికి వెళ్తే, చేయగలిగింది చేస్తాడు. స్క్రీనింగ్‌లో బాగానే తిరుగుతున్న మనిషిని మనమే వెళ్ళి పిలుస్తున్నాం. పిలిచినవాళ్ళ మీద బరువు ఎక్కువ. అందుకే నాకు భయపెట్టే వీడియోల కన్నా, 2022లో ఆస్ట్రేలియా చేసిన పని నచ్చింది: నమూనా డాక్టరు తీయనక్కర్లేదు, కావాలంటే ఎవరిది వాళ్ళే తీసుకోవచ్చు అన్నారు. అక్కడ ఎవరి మనసూ మార్చాలని చూడలేదు. సిగ్గుపడాల్సిన ఘట్టాన్ని దారిలోంచి తీసేశారు, అంతే. తారీఖు వేసి ఉత్తరం పంపడం, సాయంత్రం ఏడింటిదాకా తెరిచి ఉంచడం, కూలి పోకుండా చూడటం కూడా ఈ కోవలోవే.

మిరప పని అయ్యాక చూద్దామంది పిన్ని. అవసరమైతే హైదరాబాదులో మా ఇంట్లోనే ఉండొచ్చని, తిప్పడానికి నేను సెలవు పెడతానని చెప్పించాం. ఇవన్నీ కుదిరాక కూడా ఆవిడ వద్దనొచ్చు. ఆ ‘వద్దు’ని ఒప్పుకోవాలనే అనుకుంటున్నాను. కానీ ఇంకొక్కసారి అడగకుండా ఉండగలనని మాత్రం చెప్పలేను.