నాణెం మీద రాసి ఉన్న ధర

ధరను ఒంటిమీదే రాసుకుని పుట్టే వస్తువు నాణెం. బియ్యం బస్తాకైనా బంగారు గొలుసుకైనా ఎవరో ఒకరు వెల కట్టాలి, నాణేనికి ఆ అవసరం లేదు. అయినా దేశం దాటితే, కాలం మారితే, దాని మీది అంకెనే ఎవరూ నమ్మరు. మా చిన్నాన్న పోయాక, ఆయన పోగుచేసిన విదేశీ నాణేలను ఏం చేయాలన్న మాట ఇంట్లో వచ్చినప్పటి నుంచీ నా మనసు ఈ చిక్కుముడి చుట్టూనే తిరుగుతోంది.

ఆయన విశాఖపట్నం నుంచి సరుకు ఓడల మీద పనిచేసిన మనిషి. ఏ రేవులో దిగినా జేబులో మిగిలిన చిల్లర తెచ్చి ఒక గుడ్డసంచిలో వేసేవాడు. డబ్బు మార్చే దుకాణాలవాళ్లు సాధారణంగా నోట్లే తీసుకుంటారు, చిల్లర ముట్టుకోరు. అలా అవి ఇంట్లోనే ఉండిపోయాయి. "దీనికింత ఆలోచనెందుకన్నయ్యా, కిలో లెక్కన ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నాడు చిన్నాన్న కొడుకు. వాడన్నదాంట్లో తప్పేమీ లేదు. ఏ దేశానివో ఏరకుండా కలగలిసిన నాణేలను కిలోల లెక్కన అమ్మడం యూరప్‌లోనూ అమెరికాలోనూ మామూలే. కాకపోతే ఏం అమ్ముతున్నామో తెలిశాక అమ్మడం వేరు, తెలియక వదిలించుకోవడం వేరు.

జర్మన్ మార్కుల సంగతే చూడండి. 2002 జనవరి 1న యూరో నోట్లు, నాణేలు జనం చేతికి వచ్చాయి, మార్కు చెలామణీ ఆగిపోయింది. కానీ ఆ దేశపు కేంద్ర బ్యాంకు బుండెస్‌బ్యాంక్, యూరోకు 1.95583 మార్కుల చొప్పున ఇప్పటికీ మార్చి ఇస్తోంది. నాణేలకూ అదే లెక్క, గడువంటూ లేదు. ఫ్రాన్స్ అలా చేయలేదు, ఫ్రాంకు నాణేలకు 2005 ఫిబ్రవరి 17తో తలుపు మూసేసింది. చేతిలో పెడితే బరువే తెలియని తూర్పు జర్మనీ అల్యూమినియం మార్కుకైతే వెనక దేశమే లేకుండా పోయింది. సంచిలో పక్కపక్కనే పడి ఉన్న ఈ మూడింటి మీదా అంకెలు మాత్రం ఒకే ధీమాతో కనిపిస్తాయి. ఒకటి నేటికీ నిలబెట్టుకుంటున్న మాట, రెండోది గడువు తీరిన మాట, మూడోదానికి మాట ఇచ్చినవాడే లేడు. మా చెల్లెలి కొడుకు జర్మనీలో చదువుకుంటున్నాడు. పశ్చిమ జర్మనీ మార్కులు వాడికి పంపితే చాలు, కొనేవాడిని వెతకక్కర్లేదు. అయితే 1974 వరకు వచ్చిన మామూలు అయిదు మార్కుల నాణేన్ని ఆ మూటలో కలపకూడదు. అందులో 7 గ్రాముల వెండి ఉంది. బ్యాంకు ఇచ్చే రెండున్నర యూరోలకు దాన్ని వదులుకోవడం శుద్ధ దండగ.

వెండిని నాణెం ముఖం చూసి పట్టుకోవడం కష్టం, అంచు చూడాలి. 1964 ముద్ర ఉన్న అమెరికా పావు డాలరులో 90 శాతం వెండి. మామూలుగా వాడకంలోకి వచ్చిన 1965 నాణెంలో లోపలంతా రాగి, పైనా కిందా రాగి నికెల్ మిశ్రమపు రేకు. బల్ల మీద పెడితే రెంటికీ తేడా తెలియదు, రెంటి మీదా అదే వాషింగ్టన్. పక్కకు తిప్పి అంచు మీద వెలుతురు పడనిస్తే కొత్తదాంట్లో ఎర్రటి గీత కనిపిస్తుంది, పాతది అంచంతా తెల్లగా ఉంటుంది. బరువులోనూ తేడా ఉంది: పాతది 6.25 గ్రాములు, కొత్తది 5.67. బ్రిటిష్ షిల్లింగుదీ దాదాపు ఇదే కథ. 1946 దాకా కనీసం సగం వెండి, 1947 నుంచి వెండి లేనే లేదు, రాజుగారి బొమ్మ మాత్రం మారలేదు. కంపాస్ పెట్టెలో పట్టేంత చిన్న త్రాసు ఒకటి కొనుక్కుంటే చాలావరకు ఇంట్లోనే తేలిపోతుంది.

నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది మాత్రం మరియా థెరీసా థేలర్. అరచేతిలో సగం ఆక్రమించే పెద్ద వెండి నాణెం. నిండు విగ్రహంలా ఆస్ట్రియా మహారాణి బొమ్మ, కింద ఎస్.ఎఫ్. అన్న పొడి అక్షరాలు, వెనక రెండు తలల గద్ద. మీద 1780 అని ఉంటుంది. ఆ రాణి పోయింది ఆ ఏడాదే. ఎర్రసముద్రం రెండు గట్ల మీదా వర్తకులు ఆ బొమ్మకే అలవాటు పడిపోయి వేరేది ఒప్పుకోకపోవడంతో, ఆ తర్వాత కూడా అదే సంవత్సరం వేసి ముద్రిస్తూనే వచ్చారు. వియన్నాలో, రోమ్‌లో, లండన్‌లో, చివరికి 1940ల్లో మన బొంబాయి టంకశాలలో కూడా. అందుకే దీన్ని చూసి రెండు శతాబ్దాల నాటిదని మురిసిపోవడానికి లేదు. చాలా థేలర్లు వెండి ధరకు కాస్త అటూ ఇటూగానే పోతాయి. దీంట్లో స్వచ్ఛమైన వెండి 23 గ్రాములకు పైనే. అయినా నాకు దీని మీద గౌరవం తగ్గలేదు. తమ రాణి కాదు, తమ భాష కాదు, అయినా ఆ బొమ్మ ఉంటే వెండి సరిగా ఉంటుందని యెమెన్‌లో కాఫీ అమ్మేవాడూ ఇథియోపియాలో ఉప్పు కొనేవాడూ తరాల పాటు నమ్మారు. విలువ నాణెంలో కంటే ఆ నమ్మకంలోనే ఎక్కువగా ఉందనిపిస్తుంది నాకు.

బజారు సంగతికి వస్తే, కాటలాగులో ఉన్న ధర మన చేతికి వచ్చే ధర కాదు. ఇంటర్నెట్‌లో ఎవరో అడుగుతున్న ధరా కాదు. అదే నాణెం, అదే స్థితిలో, నిజంగా ఎంతకు అమ్ముడైందో చూడాలి. దుకాణదారు అందులో కొంత తగ్గించే ఇస్తాడు. అతనికీ అద్దె ఉంది, ఆ నాణెం అమ్ముడయ్యేదాకా కాచుకోవాలి. దాన్ని మోసమనలేం. మోసమల్లా పాత నాణేనికి లక్షలిస్తామంటూ ముందు కమీషన్ కట్టమనేవాళ్లది. తమ పేరు వాడుకుని ఇలా వసూలు చేస్తున్నవాళ్లను నమ్మవద్దని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. నూరేళ్లు దాటిన నాణేలను దేశం బయటకు అమ్మి పంపడానికి 1972 నాటి పురావస్తువుల చట్టం ఒప్పుకోదు. ఇంకొక్క మాట: మెరుస్తాయని చింతపండు పెట్టి తోమకండి. తోమిన నాణేనికి సేకర్తల దగ్గర సగం ధర కూడా రాకపోవచ్చు.

ఇవన్నీ నేనూ తమ్ముడూ చాప మీద పోసి ఏరుతుంటే పిన్ని వచ్చి కూర్చుంది. నడుమ చిల్లు ఉన్న తూర్పు ఆఫ్రికా పది సెంట్ల కంచు బిళ్ల తీసి, కళ్లజోడు సర్దుకుని, "ఇది మొంబాసాది నాయనా. వీడు అంబాడేటప్పుడు మొలతాడుకి కట్టాను" అంది. చిల్లు అంచు ఒకవైపు నున్నగా అరిగి ఉంది, అక్కడ తాడు ఒరుసుకునేది. బజారులో దానికి పెద్ద ధరేమీ రాదు. దాన్ని వెలలేనిదని నేను చెప్పను, వెల ఉంది, చాలా తక్కువ. అమ్మకపోవడానికి కారణం వేరు: కొన్నవాడికి కంచు దక్కుతుంది, మొలతాడు దక్కదు. అదే పిన్ని థేలర్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, ఎక్కడిదో తెలియదంటూ పక్కన పెట్టేసింది. ఆ సంచిలో అన్నిటికంటే అందమైనదాన్ని మనసులో ఏ బెంగా లేకుండా అమ్మవచ్చని అప్పుడు అర్థమైంది. మమకారం వెండిని బట్టీ పుట్టదు, పాతదనాన్ని బట్టీ పుట్టదు. కాబట్టి ధర కట్టేటప్పుడు దాన్ని లెక్కలోకి తేకూడదు. తెస్తే కొనేవాడికి అన్యాయం, తెచ్చినా అతను ఇవ్వడు, మనం నొచ్చుకుంటాం.

చివరికి వెండివి విడిగా, తూకం వేసి, ఆనాటి వెండి ధర చూసుకుని అమ్మాలనుకున్నాం. థేలర్‌ను ఒక్కదాన్నే నాణేల ప్రదర్శనలో ఇద్దరు ముగ్గురికి చూపించి. మిగతావి కిలో లెక్కనే, తమ్ముడి మాట అక్కడ చెల్లింది. మీ ఇంట్లోనూ ఇలాంటి సంచి ఉంటే, దుకాణానికి తీసుకెళ్లే ముందు ఒక పూట పెద్దవాళ్ల ముందు పోసి కూర్చోండి. వాళ్లు గుర్తుపట్టినవి తీసి ఉంచండి. మిగిలినవాటికి రావలసిన ధర మొహమాటపడకుండా అడగండి.