న్వోయే వాళ్ళమ్మ

చినువా అచెబె నవల 'థింగ్స్ ఫాల్ అపార్ట్' 1958లో వచ్చింది. చదివిన వాళ్ళంతా ఒకొంక్వో గురించే మాట్లాడతారు. కుస్తీలో పేరుమోసినవాడు, ముగ్గురు పెళ్ళాల మొగుడు, తెల్లదొరల పెత్తనం భరించలేక ఉరిపోసుకున్నవాడు. నాకు మాత్రం పుస్తకం మూసేశాక కూడా అతని పెద్ద భార్యే కళ్ళముందు మెదులుతూ ఉంటుంది. ఆవిడ పేరు నవలంతా వెదికినా దొరకదు. "న్వోయే వాళ్ళమ్మ" అంతే! మనకిదేం కొత్త కాదులెండి. పిల్లాడు పుట్టాక మా వీధిలో నన్నూ పేరుపెట్టి పిలిచిన పాపాన ఎవరూ పోలేదు.

పదిహేనేళ్ళ ఇకెమెఫునాని ఆవిడ చేతికే అప్పగించాడు మొగుడు. ఉమువోఫియా ఆడకూతుర్ని పొరుగూరివాళ్ళు చంపినందుకు పరిహారంగా వచ్చిన పిల్లాడు. బెంగతో తిన్నది కక్కుకుంటుంటే గుండె మీదా వీపు మీదా చేతులేసి పట్టుకున్నది ఆవిడే. మూడేళ్ళు గడిచాయి. వాడు ఒకొంక్వోని "నాన్నా" అంటున్నాడు. అప్పుడు దేవత ఆజ్ఞ అయింది, వాణ్ణి చంపెయ్యమని.

"రేపు మా ఊరు తీసికెళతారట" అని వాడొచ్చి చెబితే, మిరపకాయలు దంచుతున్న ఆవిడ రోకలి వదిలేసి, చేతులు కట్టుకుని, అయ్యో బిడ్డా అని నిట్టూర్చింది. అంతకంటే ఏమీ అనలేదు. మర్నాడు వాడు నెత్తిన కల్లుకుండ పెట్టుకుని మగవాళ్ళ వెంట వెళ్ళాడు. మొదటి దెబ్బ పడగానే "నాన్నా!" అంటూ పరుగెత్తుకొచ్చిన వాణ్ణి, పిరికివాడంటారేమోనన్న భయంతో ఆ నాన్నే నరికాడు.

పాపం, ఆడది, ఏం చెయ్యగలదు అని నా మనసు వెంటనే వకాల్తా పుచ్చుకుంటుంది. కానీ అదే ఇంట్లో రెండో భార్య ఎక్వెఫీ ఉందే! పదిమందిని కని తొమ్మిదిమందిని పోగొట్టుకుంది. మిగిలిన ఒక్క ఎజిన్మాని పూజారిణి అర్ధరాత్రి వీపున వేసుకుపోతే, వద్దన్నా వినకుండా చీకట్లో వెంటపడింది. గుహలోంచి పిల్ల ఏడుపు వినిపిస్తే దేవతలందరినీ ఎదిరించైనా లోపలికి దూకుదామని గుమ్మం దగ్గరే నిలబడింది. కత్తి పట్టుకుని ఒకొంక్వో కూడా వచ్చాడు! సొంత బిడ్డకైతే దేవతాజ్ఞకు కూడా గడియ తీసే తలుపొకటుంటుందన్నమాట. ఇకెమెఫునా కోసం ఎక్వెఫీ అయినా వెళ్ళేదా? వెళ్ళేదని నేను చెప్పలేను. నేను వెళ్ళేదాన్నని అసలే చెప్పలేను.

ఆ రాత్రి తండ్రి గుమ్మంలో అడుగుపెట్టగానే, ఎవరూ చెప్పకుండానే న్వోయేకి అర్థమైపోయింది. ఏళ్ళ తర్వాత వాడు మిషన్‌లో చేరి, ఐజాక్ అని పేరు మార్చుకున్నాడు. కొడుకు ఊసెత్తడానికి కూడా ఒకొంక్వో ఒప్పుకోలేదు. చూడవచ్చిన స్నేహితుడు ఒబియెరికాకి ఆ సంగతి ముక్కలు ముక్కలుగా తెలిసింది న్వోయే వాళ్ళమ్మ నోటినుంచే.