ముందు నూకి చూడు

నీతి కథలో జంతువులుండాలంటారు. ఇందులో రెండు పొడ తూర్పు ఎద్దులున్నాయి. అవి మాట్లాడవు. కథ చివరిదాకా వాటికి పెద్దగా పని కూడా లేదు.

అచ్చంపేట దాటి ఘాటెక్కితే మన్ననూరు, అక్కడినుంచి తూర్పుకు పోతే అమ్రాబాద్. ఆ పక్క ఒక ఊళ్లో ఒక వడ్లాయన ఉండేవాడు. ఒకప్పుడు ఎద్దుల బండ్లు చేసేవాడు. అడిగేవాళ్లు తగ్గాక ట్రాక్టర్ ట్రాలీలకు వెల్డింగ్ పని పెట్టుకున్నాడు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివే మేనల్లుడు ఎండకాలం సెలవులకు ఆయన దగ్గరికే వచ్చేవాడు. ఆ ఏడు చెరువు అడుగంటింది. శిఖం నేల ఎండి, ఈ గట్టునుంచి ఆ గట్టుదాకా బల్లపరుపుగా కనబడేసరికి పిల్లవాడికి ఒక పిచ్చి పుట్టింది. ఇంటి దగ్గరే ఒక కారు కట్టాలి, దాన్ని ఈ చెరువులో గంటకు వంద దాటించాలి. మలుపుల్లేవు, ఎదురొచ్చే బండ్లు లేవు. నేరుగా పోవడం ఒక్కటే పని.

నెర్రెల మీద గుంటుక తోలి నేల సాపు చేయడానికి మామ ఒప్పుకున్నాడు. పేచీ స్టీరింగ్ దగ్గర వచ్చింది.

ఇంజిన్, ముందు చక్రాలు, అన్నీ సన్నటి ముక్కులో ఇమడాలని అల్లుడి లెక్క. ముందు చక్రాలు తిరగాలంటే వాటికి పక్కన చోటు కావాలి, ముక్కు వెడల్పవుతుంది, గాలి అడ్డుపడుతుంది. అందుకని వెనక చక్రాలను తిప్పుదామన్నాడు. నోటిమాటకు అనలేదు, సాక్ష్యం కూడా తెచ్చాడు. 1997 అక్టోబరు 15న అమెరికాలోని బ్లాక్ రాక్ ఎడారిలో ఆండీ గ్రీన్ గంటకు 1,228 కిలోమీటర్లు నడిపిన థ్రస్ట్ ఎస్‌ఎస్‌సి కారుకు స్టీరింగ్ వెనకే. రెండు జెట్ ఇంజిన్లు ముందుభాగాన్ని ఆక్రమించాయి, ముందు చక్రాలు తిరిగే చోటు లేదు. నేలమీద ధ్వనివేగాన్ని దాటిన మొదటి కారు అది.

"అంత దానికే పనికొస్తే నా దానికి రాదా మామా?"

మామ సరేనని అనలేదు, వద్దని అనలేదు. కొట్టంలోని ఖాళీ బండి దగ్గరికి తీసుకుపోయి "నొగ పట్టి గుంజు" అన్నాడు. బండి ఎటు లాగితే అటు వచ్చింది. "ఇగ ఎనక్కు నూకు." నాలుగడుగులు పోయిందో లేదో తోక ఒక పక్కకు ఒరిగింది. సరిచేయబోతే ఇంకా ఒరిగింది. చివరికి నొగ పిల్లవాడి డొక్కలో పొడిచింది.

"ఇదీ అదీ ఒకటి కాదు మామా" అన్నాడు డొక్క పట్టుకొని. నిజమే, కాదు. బండిని వెనక్కి నూకడం ట్రాలీని రివర్స్ చేయడం లాంటిది, వెనక స్టీరింగ్ లెక్క వేరు. ఆ లెక్క చూడాలంటే కింద అచ్చంపేట వైపు వరి కోతలకొచ్చే హార్వెస్టర్‌ను చూడాలి. దానికి తిరిగేవి వెనక చక్రాలే. మడిలో అలవోకగా మలుపు తీసుకుంటుంది. రోడ్డెక్కితే మాత్రం, ఎడమకు తిప్పినప్పుడు దాని తోక ముందు కుడికి జరుగుతుంది. దేన్ని తప్పించుకోబోతున్నామో దానికే వీపు తగలొచ్చు. అందుకే డ్రైవర్లు దాన్ని నిదానంగా నడుపుతారు. వేగం పెరిగితే చిక్కు ముదురుతుంది. బాణం నేరుగా పోవడానికి ఈకలు తోకలో ఉంటాయి. కారుకు వెనక చక్రాల పట్టు అలాంటిది. వెనక స్టీరింగ్ అంటే పోతున్న బాణం ఈకలను చేత్తో మెలిపెట్టడమే.

ఇదంతా అల్లుడికి పుస్తకంలో ఉంది. అయినా వాడి కళ్లలో 1,228 మెరుస్తోంది. అప్పుడు మామ ఒక్కటే అడిగాడు.

"ఆ తెల్లోళ్లు దాన్ని కట్టంగనే ఎక్కి ఉరికించిన్రా?"

లేదు. ఆ కారు ఇంజినీరు గ్లిన్ బౌషర్ ముందుగా ఒక చిన్న మినీ కారుకు వెనక స్టీరింగ్ అమర్చాడు. దాన్ని నడిపి, తిప్పి, అది ఏ పోకడ పోతుందో చూసుకున్నాకే అసలు కారుకు ఆ అమరిక ఖాయం చేశారు. అల్లుడు ఇదంతా చెప్పి ఆగాడు.

"మరి నీ మినీ ఏదిరా?"

మర్నాడు మామా అల్లుళ్లు పాత మోపెడ్ ఇంజిన్‌తో, నేలకు జానెడెత్తున, నాలుగు చక్రాల బల్ల ఒకటి వెల్డింగ్ చేశారు. వెనక చక్రాలకు టైరాడ్ కట్టారు. చెరువులో ఇరవై దాకా ముద్దుగా నడిచింది, చిన్న జాగాలో గిర్రున తిరిగింది. పిల్లవాడు మామవైపు చూసి నవ్వాడు. ముప్పై దగ్గర తోక ఊగడం మొదలైంది. ఊగిన ప్రతిసారీ వాడు దిద్దాడు, దిద్దిన ప్రతిసారీ అవతలి పక్కకు ఇంకాస్త ఎక్కువ ఊగింది. నలభై దగ్గర బల్ల బొంగరమైంది. దుమ్ము తేలాక చూస్తే పిల్లవాడు అందులోనే కూర్చొని ఉన్నాడు, బయల్దేరిన గట్టువైపు మొహం పెట్టి.

నీతి: గొప్ప పనిని చూసి నేర్చుకునేవాడు దాని చివరి మెట్టును కాదు, మొదటి మెట్టును అనుకరించాలి.

వెనక స్టీరింగ్ తప్పని ఈ కథ చెప్పడం లేదు. వాళ్లకది కుదిరింది, ఎందుకు కుదిరిందో వాళ్లకు తెలుసు. మనం రికార్డును మోసుకొస్తాం, మినీని మాత్రం అక్కడే వదిలేస్తాం. అమెరికన్ రేసర్ క్రెయిగ్ బ్రీడ్‌లవ్ 1962లో బోనవిల్ ఉప్పు మైదానానికి ముందు చక్రం తిరగని జెట్ కారు తీసుకుపోయాడు. ముక్కు కింది రెక్కతో దారి తిప్పొచ్చనుకున్నాడు. అది మాట వినలేదు. ఇంటికి పోయి ముందు చక్రానికి స్టీరింగ్, తోకకు నిలువు రెక్క పెట్టుకొని వచ్చి, 1963 ఆగస్టు 5న గంటకు 655 కిలోమీటర్లు దాటాడు. అతను అసలు కారుతోనే పాఠం నేర్చుకున్నాడు, బతికి బయటపడ్డాడు. ఆ దారి మన పిల్లలకు చెప్పదగింది కాదని నా అభిప్రాయం.

అల్లుడు ఇంజిన్‌ను వెనక్కి జరిపి, స్టీరింగ్ ముందుకు తెచ్చాడు. సైకిల్ ఫోర్కులా కింగ్‌పిన్‌ను వెనక్కి వాల్చాడు, చేయి వదిలినా చక్రం తనంతట నేరుగా రావడానికి. స్టీరింగ్‌ను సగం చుట్టు తిప్పినా చక్రం రెండు మూడు డిగ్రీలే తిరిగేలా పెట్టాడు, కంగారులో చెయ్యి గుంజినా కారు గుంజకుండా. మలుపులో లోపలి చక్రాన్ని బయటిదానికంటే ఎక్కువ తిప్పే అకర్‌మాన్ కోణాల జోలికి మాత్రం పెద్దగా పోలేదు. అవి మలుపుల కోసం, రెండు డిగ్రీలకు అవసరం తక్కువ. ఆ అమరికను 1817లో కనిపెట్టింది మ్యూనిక్‌లో బండ్లు కట్టే లాంకెన్‌స్పెర్గర్ అనీ, మరుసటేడు ఇంగ్లండులో పేటెంటు తీసుకున్న ఏజెంటు అకర్‌మాన్ పేరే నిలిచిందనీ అల్లుడు చెబితే, మామ చాలాసేపు నవ్వాడు. "బండి చేసినోని పేరు ఎవనికి యాదుంటదిరా."

మొదటి పరుగుకు స్పీడోమీటర్ బిగించనివ్వలేదు మామ. కారు గీత గీసినట్టు పోయి అవతలి గట్టుకింద ఆగింది. అక్కడ తెలిసింది, అంత కొంచెం తిరిగే చక్రాలతో దాన్ని మళ్లీ ఇటు తిప్పాలంటే చెరువు చాలదని. మామ ఎద్దులను తోలుకొచ్చాడు. మోకు చేతిలో పట్టుకొని కారు చుట్టూ ఒకసారి తిరిగి, తోక దగ్గర ఆగాడు.

"ఈడ కట్టాల్నా?"

అల్లుడు ఏమీ అనకుండా మోకు అందుకొని ముందు ఇరుసుకు కట్టాడు.