తెలియదనుటయు నొక విద్య

అడిగినదానికి బదులు చెప్పలేకపోవుట ఉపాధ్యాయునకు తలవంపని మనలో పలువురము తలచుచుందుము. ఆ తలవంపు తప్పించుకొనుటకు మనయొద్ద నొక సులభోపాయ మున్నది. "అది పరీక్షకు రాదు, కూర్చో" అనుటయే యది. ఈ మాట నేనును వాడితిని. వాడిననాడు నాకది దోషముగా తోచలేదు. ప్రశ్న యడిగిన బాలునికి గురువు ఋణపడునా? పడినచో ఆ ఋణము తీర్చవలసినవాడు ఉన్నతపాఠశాలలోని బోధకుడా, విశ్వవిద్యాలయములోని పండితుడా? ఈ విచారమే నా వ్యాసమునకు విషయము.

నేను చదివినది సంస్కృతమును, ఇంగ్లీషును. అరకులోయకు చేరువనున్న యొక పాఠశాలలో పనిచేయుచుండగా, శాస్త్రోపాధ్యాయుడు లేని సంవత్సరమున సామాన్యశాస్త్రము కూడ నామీద పడినది. ఒకనాడు శిలలను గూర్చిన పాఠము చెప్పుచుండగా, కోదుజాతి బాలుడొకడు గెడ్డలో దొరికిన రాతినొకదానిని తెచ్చి నా బల్లపై పెట్టెను. "మాస్టారూ, ఈ రాతిలో ఎర్ర గింజలేటి? మా కొండ మన్ను ఎర్రగుండేది వీటివల్లేనా?" అని యడిగెను. నాకు తెలియదు. తెలియదనుటకు నోరు రాలేదు. పైని చెప్పిన మాటయే యంటిని. బాలుడు రాయి తీసికొనిపోయి కూర్చుండెను.

ఆ చలికాలమున, భూగర్భశాస్త్రము బోధించు కళాశాలాధ్యాపకు లొకరు విద్యార్థులతో కొండలు చూడవచ్చి, మా పాఠశాలలో ఒక రాత్రి విడిసిరి. బాలుడు మరల రాయి తెచ్చెను. అధ్యాపకులు దానిని చూచి సంతోషించి, ఆ శిల పేరు ఖొండలైటనియు, ఎఱ్ఱగింజలు గార్నెట్టులనియు, వానిలోని యినుము యుగములతరబడి ఎండకు వానకు తుప్పుపట్టుట మన్ను ఎఱ్ఱబారుటకు కారణమనియు చెప్పిరి. 1902లో వాకరను శాస్త్రజ్ఞుడు కలహండి ప్రాంతపు శిలలను వర్ణించుచు, ఆ కొండలలో నివసించు ఖోండుల పేరనే దానికి నామకరణము చేసెను. పదుమూడవ శతాబ్దినాటి కోణార్క సూర్యాలయమున అధికభాగము ఆ రాతితో కట్టినదే. ఖోండులనగా మన కోదులే. తన జాతి పేరు లోకములోని శాస్త్రగ్రంథములయందు నిలిచియున్నదని ఆ బాలుడు వినుట అదే మొదలు. అట్టి రాతిని గూర్చి అట్టి బాలునితో నేనన్న మాట తలచుకొని సిగ్గుపడితిని.

బాలుడు అంతటితో విడువలేదు. తమ యూరి ఊట వేసవిలోను ఎండదనియు, అదే కొండకు ఆవలిప్రక్కనున్న యూరి ఊట ప్రతియేటను ఎండుననియు, అట్లేల యగుననియు అడిగెను. అధ్యాపకులు కొంత ఆలోచించి, "నాకు తెలియదు, కొలిచి చూడాలి" అనిరి. ఆ మాట విని నేను విస్తుపోతిని. అంత చదివినవారు అంత తేలికగా ఆ మాట యనగలరని నేనెఱుగను. ఒక బిందె నిండుటకు ఎన్ని నిమిషములు పట్టునో వారమున కొకసారి రెండూళ్లయందును చూచి వ్రాయుమని బాలునికి చెప్పి, ఆ లెక్కలు తమకు పంపుమని నాకు చెప్పి వెడలిరి.

బాలుడు జూన్ వఱకును ప్రతి ఆదివారము కొండ దాటిపోయి కొలిచెను. లెక్కలను నేనే శుద్ధప్రతి వ్రాసి పంపితిని. జాబు రాలేదు. "జాబు వచ్చిందా మాస్టారూ?" అని బాలుడు మూడుమారులడిగెను. నాలుగవమారు అడుగలేదు. ఆ యేడాది తరగతిలో మఱి యే ప్రశ్నయు నడుగలేదు.

ఇందులకు అధ్యాపకులను నిందించి నేను తప్పించుకొనజాలను. రెండవ జాబు వ్రాయవలసినవాడను నేను. పెద్దచదువులవారిని మాటిమాటికి అడుగుట మర్యాద కాదని యూరకుంటిని. పిల్లవాడు నాయెదుట ఎట్లు నోరుమూసికొనెనో, నేను విశ్వవిద్యాలయము నెదుట అట్లే నోరుమూసికొంటిని. మన విద్యాసౌధమున మెట్లున్నవి. జ్ఞానము వానిమీదుగా క్రిందికి దిగును. ప్రశ్న పైకెక్కుటకు మాత్రము మనము త్రోవ వదలలేదు.

మన పూర్వులయొద్ద ఈ త్రోవ లేకపోలేదు. ప్రశ్నోపనిషత్తున ఆర్వురు జిజ్ఞాసువులు పిప్పలాదమహర్షిని చేరగా, ఒక సంవత్సరము తనకడ నియమముతో నివసించి పిదప అడుగుడనియు, తనకు తెలిసెనేని చెప్పెదననియు ఆయన పలికెను. తెలిసెనేని యను ఆ నియమమునందే గురుత్వమంతయు నున్నది. తెలియకపోవచ్చునని ముందే యొప్పుకొన్న ఋషికి తలవంపు కలుగలేదు.

ఈ తూర్పుకనుమలలోనే మనకు దగ్గఱి నిదర్శనములున్నవి. గిడుగు రామమూర్తిపంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా జీవితము ప్రారంభించినవారు. సవరల భాష తెలియక, తెలిసినవారిని ఇంట నుంచుకొని వారికి శిష్యుడై నేర్చికొనిరి. సవరపిల్లలకు బడులు పెట్టించిరి. ఆ కృషి 1931లో సవరభాషా వ్యాకరణముగను, 1938లో నిఘంటువుగను వెలువడి, విశ్వవిద్యాలయములు చదువుకొను గ్రంథములాయెను. ఇది బడినుండి పైకెక్కిన జ్ఞానము. ఆంధ్రవిశ్వవిద్యాలయమున పనిచేసిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు అరకు ప్రాంతపు కొండదొరల భాషను వారి నోటనే విని నేర్చి, 1969లో దానిపై గ్రంథము ప్రకటించిరి. ఇది పండితుడు కొండయెక్కి శిష్యుడగుట. ఇరువురికిని గురువులు, మనము చదువులేనివారనుకొను జనులే.

ఇట్టి పని ఒంటరి మహనీయులకే సాధ్యమందురేమో. మధ్యప్రదేశమున హోషంగాబాదు జిల్లాలో 1972లో పదునాఱు పాఠశాలలతో ఆరంభమైన విజ్ఞానబోధనోద్యమము ఆ సందేహమును తీర్చును. ఢిల్లీ విశ్వవిద్యాలయాధ్యాపకులు పల్లెబడుల ఉపాధ్యాయులతో కలిసి కూర్చుండి ప్రయోగములు చేసిరి. పిల్లలు తమ సందేహములను సవాలీరామ్ అను కల్పితపురుషునికి జాబులుగా వ్రాసెడివారు. వానికి ప్రత్యుత్తరములు వచ్చెడివి. 2002లో ప్రభుత్వము ఆ కార్యక్రమమును నిలిపివేసినది. అయినను ముప్పదియేండ్లు నడచిన దానిని అసాధ్యమనుటకు వీలులేదు.

కొండపిల్లలకు ముందు కావలసినది ఉత్తీర్ణత, ప్రశ్నలు తీరికగలవారి వినోదమని కొందఱు మిత్రులనుచున్నారు. పదవతరగతి గట్టెక్కనివానికి ఉద్యోగద్వారములు మూయబడునని నేనెఱుగుదును. ఆ మాటను తేలికగా త్రోసివేయను. కాని ఊట ఎండిన యూరిలో బిందె పట్టుకొని రెండుమైళ్లు నడచునది ఆ బాలుని తల్లియే. ఆ ఊట యేల ఎండునని యడుగుట వినోదమా? మైదానపు పిల్లవానికి పుస్తకములోనుండు ప్రశ్న కొండపిల్లవానికి ఇంటనే యున్నది. దానిని కాదని పుస్తకములోనిదే చదువుమనుట వానికి మేలుచేయుటగాదు, వాని యిల్లు చదువునకు పనికిరాదని నేర్పుట.

కావున నాకు తోచిన ధర్మ మిది. ప్రశ్న ఋణము. విన్నవాడు దానికి హామీ యిచ్చినవాడే. తాను తీర్చలేనిదానిని పైవానికి పంపవలెను. పైవాడు తీర్చలేనిచో తెలియదని వ్రాసి పంపవలెను. తెలియదను ఒక్క పంక్తి జాబు వచ్చియున్నను ఆ బాలుడు మరల కొలుచుట కుపక్రమించియుండును. రాని జాబు మాత్రము, నీ ప్రశ్న ప్రశ్నయేకాదని చెప్పినట్లయినది. కళాశాలాధ్యాపకుడు బడికి వచ్చి ఉపన్యసించిపోవుటను సహకారమనుచున్నాము. వచ్చినప్పటి మాటకంటె, పోయినపిమ్మట వ్రాసిన జాబే సహకారమునకు గుఱుతు.

ఆ బాలుడు పదవతరగతి ముగించి వెడలిపోయెను. వాని లెక్కలపుస్తకము నాయొద్దనే యున్నది. మొన్న దానిని తీసి, రెండవ జాబు వ్రాసితిని. ఇన్నియేండ్లు ఆలస్యమైనందులకు క్షమాపణ మొదట వ్రాసి, ఊటను గూర్చిన ప్రశ్న పిదప వ్రాసి, అడిగినవాని పేరు క్రింద నుంచితిని.